హాఫ్‌క్లచ్ మాస్టారు యూనివర్సిటీ గేట్లు చూసిన వైనం

భూమి ఇంత వేగంగా తిరగడం మా బాబాయికి బొత్తిగా నచ్చదు. దానికి పక్క సీటూ, ఆ సీటు కింద ఒక బ్రేకూ లేవు కాబట్టి ఊరుకున్నాడు. ఉండి ఉంటే అది ఏనాడో కీచుమని ఆగిపోయి, మనమందరం ముందున్నవాళ్ళ వీపులకు నుదుళ్ళు కొట్టుకుని కూర్చునేవాళ్ళం.

కోతలు కోస్తున్నాననుకునేవాళ్ళు ఆయన డ్రైవింగ్ స్కూల్లో ఒక్క రోజు చేరి చూడండి. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు గది, గోడకు రోడ్డు గుర్తుల చార్టు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బయట ఒక తెల్ల కారు. కారు నెత్తిన పచ్చటి డబ్బా, దాని మీద 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అని ఎర్రటి అక్షరాలు. ఆ కారులో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఉన్నట్టే, బాబాయి కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. గట్టి ఇనప తీగలతో వాటిని అవతలి పెడళ్ళకు కట్టారు. ఇక్కడ తొక్కితే అక్కడ దిగుతుంది. ఎప్పుడైనా ప్రమాదం ముంచుకొస్తే అక్కరకు వస్తుందని పెట్టిన ఏర్పాటు అది. మా బాబాయి దాన్ని బతుకుతెరువు చేసుకున్నాడు, తరవాత బతుకే చేసుకున్నాడు.

ఆయన శిష్యుడికి స్టీరింగు పట్టుకోవడం ఒక్కటే పని. తక్కిన బండినంతా ఆయన కాళ్ళే నడుపుతాయి. శిష్యుడు బ్రేకు మీద కాలు వేసేలోపే బండి ఆగిపోతుంది, క్లచ్చు వదలబోయేలోపే కదిలిపోతుంది. పాపం వాడేమో తనకు వచ్చేసిందనుకుని మురిసిపోయి, సొంత కారు కొనుక్కుని, మొదటి రోజే ఎదురింటి ప్రహరీని పలకరిస్తాడు. మా పేటలో తిన్నగా నిలబడ్డ గేటు ఒక్కటి కూడా లేదంటే ఆ పుణ్యమంతా బాబాయిదే. అడిగితే మాత్రం ఛాతీ విరుచుకుని, "నా దగ్గరున్నన్నాళ్ళు బండి మీద ఒక్క గీత పడిందేమో చూపించండి," అంటాడు. పూర్తిగా తొక్కడు, పూర్తిగా వదలడు. అందుకే ఊళ్ళో ఆయన పేరు హాఫ్‌క్లచ్ మాస్టారు.

ఇంట్లోనూ ఇదే వరస. పిన్ని పొయ్యి మీద గిన్నె కాస్త విసురుగా దించినా ఆయన కుడికాలు నేలను నొక్కుతుంది. టీవీలో ఎవడైనా పరుగెత్తినా నొక్కుతుంది. ఆయన కుర్చీ ముందు గచ్చు అరిగి అరిగి గుంట పడింది. పిన్ని అందులోనే పిల్లికి పాలు పోస్తుంది.

అలాంటివాడికి ఒక్కతే కూతురు. మా చెల్లి. అది నడక నేర్చింది ఆ తెల్ల కారు చుట్టూ, కూర్చోవడం నేర్చింది దాని కింద. తోటి పిల్లలు బొమ్మలకు జడలు వేస్తుంటే ఇది స్కూలు కారు చక్రాలు విప్పి మళ్ళీ బిగించేది. చదివితే ఆటోమొబైల్ ఇంజినీరింగే చదువుతానని పట్టుబట్టింది. మా రాష్ట్రంలో ఆ కోర్సు ఉన్న చోట సీటు రాలేదు. బయటి రాష్ట్రాల్లో మాత్రం మూడు యూనివర్సిటీలు రమ్మన్నాయి. ఒకటి ఎండలు మండే మైదానంలో, ఒకటి సముద్రం ఒడ్డున, ఒకటి కొండ మీద. వారంలోగా ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. లేదంటే మా వీధి చివరి కాలేజీ ఎలాగూ ఉంది. అక్కడ కంప్యూటర్లు తప్ప మరో కోర్సు లేదు.

"అన్నయ్యా, నన్ను వీధి చివర కాలేజీలో వేశాడంటే అయిపోయానన్నమాటే," అంది చెల్లి నాతో. "నాలుగేళ్ళూ పొద్దునా సాయంత్రం ఆయనే దింపుతాడు. ఆ తరవాత ఉద్యోగంలోనూ ఆయనే దింపుతాడు. నేను రిటైరయ్యే రోజు కూడా పక్క సీట్లో ఆయనే ఉంటాడు."

బాబాయి కాదనలేదు. కాదనేంత ధైర్యం ఉన్నవాడైతే నేను ఆయన్ని ఇంత తక్కువగా చూసేవాణ్ణి కాదు. "మంచిది చూసి నేనే ఎంపిక చేస్తా," అన్నాడు. జనం యూనివర్సిటీని ఎంచుకోవాలంటే పాఠాలు చెప్పేవాళ్ళెవరో చూస్తారు, ల్యాబులు చూస్తారు, చదివి బయటికొచ్చినవాళ్ళు ఏమయ్యారో చూస్తారు. నా మహానుభావుడు ఫోను తీసి అడ్మిషన్ల ఆఫీసుకు కొట్టాడు.

"హలో, అడ్మిషన్లాండీ? మీ మెయిన్ గేటు ముందు రోడ్డుకి డివైడరు ఉందా?"

అవతలి అమ్మాయి గడగడా ఉద్యోగాల గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"అవి కాదమ్మా. డివైడరు."

"సార్, మాది పూర్తిగా పచ్చటి క్యాంపస్ సార్, లోపల చెరువు కూడా..."

"లోపల సముద్రమే ఉండనీ తల్లీ. గేటు బయట స్పీడు బ్రేకరు ఉందా, లేదా?"

ఆ అమ్మాయి పై అధికారికి ఇచ్చింది. ఆయన ఇంకో అధికారికి ఇచ్చాడు. చివరికి ఫోను గేటు దగ్గరి వాచ్‌మన్ చేతికి వెళ్ళింది. వాచ్‌మన్‌తో మా బాబాయి అరగంట మాట్లాడి, "ఇన్నాళ్ళకి ఒక చదువుకున్నవాడు దొరికాడు," అన్నాడు ఫోను పెట్టేస్తూ. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పుస్తకాలు ఎక్కడైనా అవే పుస్తకాలు, తేడా అంతా గేటు ముందు రోడ్డులోనే ఉంటుంది. అయినా వాచ్‌మన్ల మాట మీద కూతురి భవిష్యత్తు వదిలేస్తాడా? స్వయంగా వెళ్ళి మూడు గేట్లూ చూసి వద్దామన్నాడు.

నన్ను కూడా తీసుకెళ్ళారు. మా వంశంలో బయటి రాష్ట్రం యూనివర్సిటీ గాలి పీల్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చదువు మధ్యలో వచ్చేసిన మాట నిజమే. నాకు నేర్పడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. నేను వస్తుంటే ప్రొఫెసర్లు బస్టాండు దాకా వచ్చి కళ్ళొత్తుకున్నారు, బస్సు కదిలాక ఊపిరి పీల్చుకున్నారని కొందరంటారు, అది అసూయ.

"వీణ్ణి వెంటబెట్టుకుపోదాం," అన్నాడు బాబాయి. "ఎక్కడ చేరకూడదో వీడి మొహం చూస్తే తెలిసిపోతుంది."

ప్రయాణం ఏ బండిలో అనుకుంటున్నారు? ఆ తెల్ల కారులోనే, ఆ డబ్బా నెత్తిన పెట్టుకునే. నడిపేది చెల్లి. దానికి లైసెన్సు వచ్చి చాలాకాలమైంది, మా బాబాయి కంటే శుభ్రంగా నడుపుతుంది. అయినా పక్క సీట్లో ఆయన, ఆయన కాళ్ళ కింద ఆయన ఆస్తి. వెనక నేను, తిండి సంచులు, స్టెప్నీ.

టోల్ గేటు దగ్గర కుర్రాడు డబ్బా వంకా మా బండి నంబరు వంకా మార్చి మార్చి చూశాడు.

"నేర్చుకోవడానికి మరీ ఇంత దూరం వచ్చారా అండీ?"

"స్టీరింగు మా రాష్ట్రంలోనే అయిపోయింది," అన్నాను నేను. "బ్రేకు ఇంకా రాలేదు. అది నేర్చుకుందామని ఇలా వచ్చాం."

"నువ్వు నోరు మూసుకోరా," అన్నాడు బాబాయి.

మొదటి యూనివర్సిటీ ఎండలో ఉంది. అంటే రాష్ట్రమంతా ఎండలో ఉంది, యూనివర్సిటీ మాత్రం పెనం మీద ఉంది. ఆ వేడిలో కోటు తొడుక్కున్న ఒకాయన చేతిలో పూలగుత్తితో ఎదురొచ్చి, మమ్మల్ని చూసి పళ్ళన్నీ చూపించాడు. పూలు అప్పటికే ఎండి చీపురు పుల్లల్లా ఉన్నాయి. "వెల్కమ్ టు ద ఫ్యామిలీ," అన్నాడు. బాబాయి ఆయన్ని దాటుకుని గేటు బయట నిలబడ్డాడు. గేటు నేరుగా పెద్ద హైవే మీదికి తెరుచుకుంటోంది. లారీలు మా పంచప్రాణాల పక్కనుంచి దూసుకుపోతున్నాయి. బాబాయి జేబురుమాలు నెత్తిన వేసుకుని కాసేపు వాటిని చూశాడు. వెళ్ళిన ప్రతి లారీకీ కుడికాలు నేలను నొక్కింది.

"బండెక్కండి," అన్నాడు.

"లోపల చూడరా సార్?" అన్నాడు కోటాయన.

"గుమ్మం బాగోని ఇంట్లో గదులెలా ఉంటే ఏం?"

చెల్లి కూడా పెద్దగా బాధపడలేదు. ఆ కోటు చూశాక దానికీ మనసు విరిగిపోయింది.

రెండోది సముద్రం ఒడ్డున. దాని గేటు ముందు రోడ్డు చూసేసరికి మా బాబాయి చేతులు జోడించాడు. మధ్యలో పూలమొక్కల డివైడరు. గేటుకు ఎదురుగా గుండ్రటి సర్కిలు. కొత్తగా గీసిన తెల్లచారలు. చారల దగ్గర ఈల పట్టుకుని ఒక గార్డు. బాబాయి ఆ చారల మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. గార్డు ఈల వేసి వచ్చే బళ్ళన్నింటినీ ఆపాడు. జీవితంలో మొదటిసారి ఇంకెవరో తన కోసం బ్రేకు వేయించడం చూసి ఆయన కళ్ళు చెమర్చాయి.

లోపల ఆటోమొబైల్ విభాగం పాలరాయి నేలతో తళతళలాడుతోంది. మధ్యలో అద్దాల పెట్టె, అందులో రంగులు పూసిన ఇంజిను, పైన దీపాలు. 'ముట్టుకోరాదు' అని ఒక బోర్డు.

"సార్, స్టూడెంట్లు దీన్ని ఎప్పుడు విప్పుతారు?" అని చెల్లి అక్కడున్న మేష్టారిని అడిగింది.

"విప్పడమెందుకమ్మా?" అన్నాడాయన నొచ్చుకుని. "పాడైపోదూ?"

"మరి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది సార్?"

"తెర మీద వేసి చూపిస్తాం. బొమ్మ తిరుగుతుంది. పక్కన సంగీతం కూడా వస్తుంది."

చెల్లి నా వైపు చూసింది. చెప్పుకింద బబుల్‌గమ్ అంటుకున్నప్పుడు చూసే చూపు అది. బాబాయి మాత్రం అద్దం మీద వేలితో తట్టి, "చూశావా!" అన్నాడు పరవశించిపోతూ. "ఇంజినునే ఇంత భద్రంగా చూసుకుంటుంటే పిల్లల్ని ఇంకెంత భద్రంగా చూసుకుంటారో! ఇక్కడే చేరుతున్నావు. ఖాయం చేసేద్దాం."

"నాన్నా, కొండ మీదది ఇంకా చూడలేదుగా."

"చూడక్కర్లేదు. కొండంటేనే మలుపులు."

"నేను మూడేళ్ళ నుంచి దాని గురించే చెబుతున్నా నీకు. అక్కడ మొదటి ఏడాది నుంచే బండి విప్పనిస్తారు."

"విప్పడం ఇంట్లో చాలా విప్పావు. ఇక అద్దంలోంచి చూడు."

అప్పుడు పిన్ని ఫోను చేసింది. సంగతంతా విని, "ఇంటి నుంచి బయల్దేరినవాళ్ళు మూడోది కూడా చూసి తగలడండి. రేప్పొద్దున అది నన్ను దెప్పుతూ కూర్చుంటే వినే ఓపిక నాకు లేదు," అని పెట్టేసింది. పిన్నికి బ్రేకు వెయ్యగలిగేంత కాలు మా బాబాయికి లేదు. సరే చూద్దాం, చూసి వచ్చి ఇక్కడే చేరుద్దాం అన్నాడు.

కొండ కింద ఒక లాడ్జిలో పడుకున్నాం. తెల్లవారాక నేను టీ కోసం కిందికి వస్తే, కారు పక్క సీటు తలుపులోంచి చెల్లి కాళ్ళు రెండూ బయటికి వేలాడుతున్నాయి. తల డాష్‌బోర్డు కింద ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"ఆ పటకారు ఇలా ఇవ్వు. నాన్న లేచాడా?"

"గడ్డం గీసుకుంటున్నాడు. ఏం చేస్తున్నావంటే?"

"బ్రేకు తీగ కొస విప్పేస్తున్నా. క్లచ్చుది ఉంచుతాలే."

నేను ఎంతో గొప్ప గొప్ప తుంటరి పనులు చేసినవాణ్ణి. ఒకసారి హాస్టలు మొత్తాన్ని పక్క రాష్ట్రానికి జరిపినవాణ్ణి. అలాంటి నాకే ఇది ఎక్కువనిపించింది. "కొండ ఎక్కబోతూ బ్రేకు పీకుతావా? చావాలనుందా?"

"నా బ్రేకు నా దగ్గర సుబ్బరంగా ఉంది. పోయేది ఆయనది. ఆయన పెడలుకు దాని స్ప్రింగు దానికుంటుంది కాబట్టి తొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. నా పెడలు మాత్రం కదలదు." బయటికి వచ్చి, తీగ కొసన ఉండే చిన్న ఇనప పిన్ను జేబులో వేసుకుంది. "పైదాకా నేనే నడిపి చూపిస్తా. చూశాక కూడా వద్దంటే ఇక నేను అడగను, అద్దాల పెట్టెలోకే పోతా. నువ్వు నవ్వావంటే మాత్రం దారిలో దింపేస్తా."

బయల్దేరాం. మొదటి మలుపు వచ్చింది. చెల్లి చక్కగా వేగం తగ్గించి తిప్పింది. అదే క్షణంలో బాబాయి ధబీమని తొక్కాడు.

"చూశావా? ఇక్కడ నేను తొక్కబట్టి సరిపోయింది."

"అవును నాన్నా."

నేను వెనక సీటు కవరు కొరికాను. దాని ముక్క ఒకటి ఇప్పటికీ నా కడుపులోనే ఉంది. ఆ తరవాత బాబాయి మాటలు మానేశాడు. పైనున్న పిడిని ఒక చేత్తో పట్టుకుని, కళ్ళు రోడ్డుకు అంటించి, కాలితో మాత్రం ఆ పనికిరాని పెడలును దంచుతూనే ఉన్నాడు. ప్రతి మలుపుకూ దంచుడే. ఒకచోట ఎదురుగా బస్సు వచ్చింది. రోడ్డు వెడల్పంతా దానికే సరిపోయేలా ఉంది. చెల్లి బండిని అంచుకు తీసి, కుదుపు కూడా లేకుండా ఆపి, బస్సు వెళ్ళాక మెల్లిగా కదిలించింది. బాబాయి చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది.

"బస్సు దగ్గర భలే తొక్కావు బాబాయ్," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ అన్నప్పుడు ఆయన మెడ ఎంత గర్వంగా నిలబడిందో చెప్పలేను. బొమ్మ బండెక్కిన పిల్లలు కూడా ఇలాగే నోటితో హారన్ కొడుతూ ఊరంతా తిప్పామనుకుంటారు. వాళ్ళకైనా అయిదారేళ్ళకు బుద్ధి వస్తుంది.

కొండ మీది యూనివర్సిటీ గేటు సరిగ్గా ఒక ఏటవాలు మలుపులో ఉంది. డివైడరు లేదు, కాలిబాట లేదు, చారలు లేవు. రోడ్డు మధ్యలో ఒక కుక్క నిద్రపోతోంది. గేటుకు ఒక రెక్కే ఉంది. ఆ దృశ్యం చూసి బాబాయి మొహం ఎలా పాలిపోయిందంటే, వాచ్‌మన్ పరుగెత్తుకెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

లోపల ఒక రేకుల షెడ్డు. నేలంతా గ్రీజు. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి ఒక పాత జీపు కింద దూరి దాని గేరుపెట్టె దింపుతున్నారు. చొక్కా చేతులు పైకి మడుచుకున్న ఒక వర్క్‌షాపు మేడమ్ వాళ్ళ మీద అరుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ చెల్లిని చూసి, ఎవరు, ఏమిటి అని కూడా అడగలేదు.

"ఊరికే నిలబడ్డావేం? ఆ జాకీ ఇటు తొయ్!"

చెల్లి తోసింది. తోసి, తనూ జీపు కిందికి దూరిపోయింది. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. నేను చదివిన చోట ఇలాంటి షెడ్డు ఉంటేనా, నేను ఇంకో నాలుగు రోజులు ఎక్కువే ఉండేవాణ్ణి. బాబాయి మాత్రం లోపలికి రాలేదు. గేటు ముందు రోడ్డు వెడల్పును అడుగులతో కొలుస్తూ, కుక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా చుట్టు తిరిగి వెళుతూ, ఎండ నడినెత్తికి వచ్చేదాకా గడిపాడు.

చెల్లి మోచేతుల దాకా నల్లగా, పళ్ళు మాత్రం తెల్లగా బయటికి వచ్చింది.

"నాన్నా, నేను ఇక్కడే చేరతా."

"గేటు చూశావా?"

"షెడ్డు చూశాను."

"రోడ్డు చూడు. మలుపు చూడు. ఇక్కడ నీకు బ్రేకు ఎవరు తొక్కుతారు?"

చెల్లి కారు తలుపులు రెండూ తీసింది. "రా, కూర్చో. ఇప్పుడు తొక్కు. అవతలి పెడలు చూస్తూ తొక్కు."

బాబాయి కూర్చుని తొక్కాడు. ఆయన పెడలు నేల దాకా దిగింది. అవతలిది చలించలేదు. చెల్లి జేబులోంచి పిన్ను తీసి, గ్రీజు చేతితోనే ఆయన అరచేతిలో పెట్టింది.

"పొద్దున లాడ్జి దగ్గర తీశాను. కింది నుంచి పైదాకా నేనొక్కదాన్నే."

బాబాయి ఆ పిన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టలేదు. తిట్టడానికి మొహం ఎక్కడుంది? చొక్కా జేబులో వేసుకున్నాడు. చెల్లి తన ఫోనులో ఏవేవో నొక్కింది. సీటు ఖాయం కావాలంటే తండ్రి ఫోనుకు ఒక నంబరు వస్తుందట, అది చెప్పాలట. ఆయన జేబులో ఫోను కిణుక్కుమంది. ముగ్గురం కాసేపు ఆ జేబు వంకే చూశాం.

"చెప్పు నాన్నా."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కో అంకే, మధ్యలో ఆగుతూ, తనకు పడ్డ శిక్షను తనే చదువుకుంటున్నట్టు చదివాడు. చెల్లి నొక్కింది. అయిపోయింది. కొండ దిగేటప్పుడు బాబాయి వెనక సీట్లో కూర్చున్నాడు, ముందు సీటు నాకు దక్కింది. కిందికి వచ్చేదాకా ఆయన కాలు నా సీటు వీపును తన్నుతూనే ఉంది.

చెల్లి అక్కడ చేరింది. ఇప్పుడు మా బాబాయిని ఎవరైనా అడిగితే, "పిల్లల చేతులకు గ్రీజు అంటాలండీ, అద్దాల పెట్టెలు చూపించే చోట చేర్చకూడదు, నేను మూడూ తిరిగి చూసి మరీ ఎంపిక చేశాను," అంటాడు, కళ్ళార్పకుండా. నేనూరుకుంటానా? మొన్న షట్టరు గదిలో కొత్తగా చేరిన శిష్యులు కూర్చుని ఉండగా ఈ కథంతా చెప్పాను. ముప్ఫయ్యేళ్ళుగా ఊరందరికీ బ్రేకు నేర్పిన పాదం, కొండంత దారి పొడవునా చచ్చిన పెడలును తొక్కుతూ, బండిని తనే ఆపుతున్నాననుకుందని చెప్పాను. కొండ మీది కుక్క కూడా ఆ సంగతి పసిగట్టింది గానీ ఈయనకు మాత్రం పిన్ను చేతిలో పెట్టేదాకా తెలియలేదని చెప్పాను. శిష్యులు కుర్చీల్లోంచి కిందికి జారి నవ్వారు.

బాబాయి గోడ మీది రోడ్డు గుర్తుల చార్టుకు దుమ్ము తుడుస్తున్నాడు. ఇటు తిరగలేదు.

"మొదటి మలుపులోనే తెలిసింది," అన్నాడు. "అప్పుడు చెబితే అది బండి ఆపేసేది. వెనక లారీ ఉంది."